‘మేము’లో ఎవరు? చదువు ముగిశాక మిత్రులతో చేసిన ఐరోపా యాత్రల రచనలో సర్వనామ వివేచన

ఉపోద్ఘాతం

యాత్రాసాహిత్యాన్ని వర్గీకరించేటప్పుడు తెలుగు విమర్శ సాధారణంగా యాత్రాప్రయోజనాన్ని ఆధారంగా తీసుకుంటుంది. తీర్థయాత్ర, విహారయాత్ర, విజ్ఞానయాత్ర, ఉద్యోగరీత్యా చేసిన పర్యటన అనే విభాగాలు ఈ విధంగా ఏర్పడినవే. ప్రయోజనం స్పష్టంగా కనిపించే యాత్రలకు ఈ వర్గీకరణ చక్కగా సరిపోతుంది. విదేశంలో చదువు పూర్తయిన తరువాత, ఇంటికి తిరిగి వెళ్లడానికో ఉద్యోగంలో చేరడానికో ముందు, సహాధ్యాయులతో కలిసి కొన్ని వారాలు ఐరోపా దేశాలు తిరిగే యాత్ర మాత్రం వీటిలో దేనిలోనూ ఇమడదు. అందులో మొక్కు లేదు, అప్పగించిన పని లేదు. అది కేవలం విహారమూ కాదు. ఎందుకంటే యాత్ర చివరి రోజున మిత్రబృందం విడిపోతుందన్న సంగతి మొదటి రోజునే అందరికీ తెలుసు.

ఈ రకం రచనలను స్థలవర్ణన, సమాచారసంపద అనే కొలమానాలతో తూచినప్పుడు అవి తేలికగా కనిపిస్తాయి. చూసిన నగరాలు అందరూ చూసినవే, చెప్పిన చరిత్ర అందరూ చెప్పినదే. వీటి అసలు వస్తువు స్థలం కాదని, కలిసి తిరిగినవారి మధ్య సంబంధమని నా ప్రతిపాదన. ఆ సంబంధం ఎక్కువగా ప్రత్యక్షకథనంలో కనిపించదు. సర్వనామాలలోనూ, రచన ఎవరిని ఉద్దేశించి సాగిందన్న విషయంలోనూ దాగి ఉంటుంది. దానిని చదవడానికి తెలుగు పాఠకుని చేతిలో ఇంగ్లీషు పాఠకునికి లేని ఒక సాధనం ఉంది. వినేవారిని కలుపుకొనే ‘మనము’, వినేవారిని మినహాయించే ‘మేము’ అనే భేదమే ఆ సాధనం. రెండు ఆంగ్ల రచనలనూ ఒక ఫ్రెంచి చలనచిత్రాన్నీ ఈ భేదం వెలుగులో పరిశీలించి, ఈ పద్ధతి నేటి తెలుగు యాత్రారచనకు ఎలా ఉపకరిస్తుందో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్నాతకుని యాత్ర

చదువు ముగిశాక యాత్ర అనే భావన మనకు కొత్తది కాదు. గురుకులవిద్య ముగించి సమావర్తనం చేసుకున్నవాడు స్నాతకుడు. తెలుగునాట కొన్ని సంప్రదాయాల పెళ్లిళ్లలో వరుడు స్నాతకవ్రతం చేసుకొని, గొడుగు, పావుకోళ్లు, చేతికర్రతో కాశీయాత్రకు బయలుదేరుతాడు. బావమరిది ఎదురువచ్చి, బతిమాలి వెనుకకు తీసుకొస్తాడు. నవ్వులతో సాగే ఈ తంతులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. బ్రహ్మచర్యానికీ గార్హస్థ్యానికీ మధ్య ఒక ఖాళీ కాలం ఉందని సమాజం గుర్తించింది, ఆ కాలానికి యాత్రారూపం ఇచ్చింది, దానిని నాలుగడుగులకే ఆపింది.

ఐరోపాలో ఈ ఖాళీ కాలాన్ని ఆపలేదు. వ్యవస్థగా మార్చారు. 17, 18 శతాబ్దాలలో ఇంగ్లాండు సంపన్నకుటుంబాల యువకులు చదువు పూర్తిచేసుకొని ఫ్రాన్స్, ఇటలీలు చూసిరావడం ‘గ్రాండ్ టూర్’ అనే పేరుతో స్థిరపడింది. జర్మన్ ప్రాంతాలలో వృత్తిశిక్షణ ముగించిన పనివారు ఊరూరా తిరిగి పనిచేస్తూ నేర్చుకొనే ఆచారం ఉండేది. గేథే తన విల్హెల్మ్ మైస్టర్ నవలలలో మొదటిదానికి శిష్యరికపు సంవత్సరాలనీ, రెండవదానికి సంచారపు సంవత్సరాలనీ అర్థమిచ్చే పేర్లు పెట్టడం వెనుక ఉన్నది ఆ ఆచారమే. 20వ శతాబ్దంలో 1972లో మొదలైన ఇంటర్‌రైల్ టికెట్టు, 1987లో మొదలైన ఎరాస్మస్ విద్యార్థి వినిమయ పథకం ఈ యాత్రను మధ్యతరగతికి అందించాయి. గ్రాండ్ టూర్ యువకుని వెంట సాధారణంగా ఒక ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఇంటర్‌రైల్ యువకుని వెంట ఉన్నది సహాధ్యాయి. రచనలో వచ్చిన పెద్ద మార్పుకు ఈ తోడు మారడమే మూలం.

గ్రే, వాల్పోల్: చెల్లించినవాని ‘మేము’

గురువుకు బదులు మిత్రుడు తోడైన తొలి ప్రసిద్ధ ఉదాహరణలలో థామస్ గ్రే, హొరేస్ వాల్పోల్‌ల యాత్ర ఒకటి. గ్రే తెలుగు పాఠకులకు ‘ఎలిజీ’ కవిగా పరిచితుడే. ఈటన్ పాఠశాలలో గ్రే, వాల్పోల్, రిచర్డ్ వెస్ట్, థామస్ ఆష్టన్ నలుగురూ ఒక జట్టు. గ్రే, వాల్పోల్‌లు కేంబ్రిడ్జిలోనూ కలిసే చదివారు. పట్టా తీసుకోకుండానే విశ్వవిద్యాలయాన్ని విడిచి, 1739 మార్చిలో ఇద్దరూ ఫ్రాన్స్‌కు బయలుదేరారు. అప్పటికి గ్రే వయస్సు 22, వాల్పోల్ వయస్సు 21. వాల్పోల్ ఇంగ్లాండు ప్రధానమంత్రి రాబర్ట్ వాల్పోల్ కుమారుడు. గ్రే తండ్రి దస్తావేజులు రాసే వృత్తిలో ఉన్నవాడు. తల్లి లండన్‌లో దుకాణం నడిపి, ఆ సంపాదనతో కొడుకును చదివించింది. యాత్ర ఖర్చు వాల్పోల్‌ది.

పారిస్ చూసి, ఫ్రెంచి నేర్చుకోవడానికి రీమ్స్‌లో మూడు నెలలుండి, లియోన్ మీదుగా ఆల్ప్స్ దాటి ఇటలీ చేరారు. ఫ్లారెన్స్, రోమ్, నేపుల్స్ చూశారు. 1741 వసంతంలో రెజ్జో పట్టణంలో తగవుపడి విడిపోయారు. వాల్పోల్ అక్కడే జబ్బుపడ్డాడు. గ్రే వేరే మిత్రులతో వెనిస్ వెళ్లి, ఆ తరువాత ఒంటరిగా ఇంగ్లాండుకు తిరుగుముఖం పట్టాడు. 1745లో మళ్లీ స్నేహం కుదిరింది. తగవుకు ప్రధానదోషం తనదేనని, ప్రధానమంత్రి కొడుకునన్న గర్వమూ వినోదాలపై మోజూ తనను కమ్మివేశాయని వాల్పోల్ 1773లో గ్రే జీవితచరిత్రకారుడు విలియం మేసన్‌కు రాసిన లేఖలో ఒప్పుకున్నాడు. అప్పటికి గ్రే మరణించి రెండేళ్లు.

రెండేళ్ల యాత్రలో రాసిన లేఖలలో ఈ పగులు ఎక్కడ కనిపిస్తుంది? నేరుగా వెతికితే దొరకదు. ఒకే స్థలం గురించి, ఒకే వ్యక్తికి ఇద్దరూ రాసిన లేఖలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1739 సెప్టెంబరు చివర వారు ఆల్ప్స్ ప్రాంతంలోని గ్రాండ్ షార్త్రూజ్ మఠానికి వెళ్లారు. ఆ దారి గురించి వాల్పోల్ వెంటనే వెస్ట్‌కు రాశాడు. అతని లేఖ కొండలు, లోయలు, ప్రవాహాలు, తోడేళ్లు అంటూ పేర్ల వరుసతో, ఇటలీ చిత్రకారుడు సాల్వతోర్ రోజా స్మరణతో పరుగెత్తుతుంది. ఆ నిర్జన దృశ్యాలకు తామే ఏకైక ప్రభువులమన్న భావం అందులో ఉంది. కర్త బహువచనం. గ్రే అదే దారి గురించి నవంబరులో ట్యూరిన్ నుంచి అదే వెస్ట్‌కు రాశాడు. అక్కడ ఒక సూక్ష్మభేదం కనిపిస్తుంది. ప్రయాణాన్ని బహువచనంతో ‘మా’ ప్రయాణమన్నవాడే, అదే వాక్యంలో పది అడుగులకు ఒకసారి వెలువడిన ఆశ్చర్యానుభూతి దగ్గరికి వచ్చేసరికి ఏకవచనంలోకి మారాడు. ప్రయాణం మాది, ఆశ్చర్యం నాది.

ఈ రెండు లేఖలను తెలుగులోకి తెచ్చే అనువాదకుడు ప్రతి బహువచనం దగ్గరా ఆగి నిర్ణయం తీసుకోవాలి. వెస్ట్ ఇంగ్లాండులో ఉన్నాడు, యాత్రలో లేడు. కనుక వ్యాకరణం ‘మేము’నే కోరుతుంది. ఆ ఎంపిక చేసిన క్షణంలోనే ఇంగ్లీషులో కనబడని ఒక సంగతి బయటపడుతుంది. నలుగురి జట్టులో ఒకడైన వెస్ట్ ప్రతి వాక్యంలోనూ బయట నిలబడ్డాడు. ఈటన్‌లో అతనితో కలిపి ‘మనం’ అన్నవారే ఇప్పుడు అతనికి ‘మేము’ అయ్యారు. వాల్పోల్ ఆ ‘మేము’ను ధారాళంగా వాడాడు. గ్రే వెస్ట్‌తో మాట్లాడేటప్పుడు ‘నేను’ వైపు జరిగాడు. తన అనుభూతిని వాల్పోల్‌తో పంచుకున్నదిగా కాక, వెస్ట్‌కు సమర్పించదగినదిగా భావించాడని దీనికి నేను చెప్పే అర్థం. ఖర్చు పెట్టేవానికి ‘మేము’ అనడం సులువు. మరొకరి ఖర్చుతో తిరిగేవానికి తనదని చెప్పుకోగలిగింది తన చూపొక్కటే.

ఈ నిర్ణయాన్ని రెండు విషయాలు పరిమితం చేస్తాయి. మొదటిది: గ్రే లేఖలలో బహువచనం లేదనడం సరికాదు. తల్లికి రాసిన లేఖలలో అది విరివిగా ఉంది. మోన్ సెనీ కనుమ దారిలో వాల్పోల్ పెంచుకున్న ‘టోరీ’ అనే నల్లని చిన్న కుక్కను పట్టపగలు తోడేలు ఎత్తుకుపోయిన ఘటనను గ్రే తల్లికి రాశాడు, వాల్పోల్ వెస్ట్‌కు రాశాడు. తల్లికి రాసినప్పుడు గ్రే మిత్రుణ్ణి ‘మిస్టర్ వాల్పోల్’ అనే మర్యాదవాచకంతోనే పేర్కొన్నాడు. కొడుకు క్షేమంగా, తోడుతో ఉన్నాడన్న ధైర్యం తల్లికి కావాలి. అందుకు బహువచనం అవసరం. ఎవరికి రాస్తున్నాడన్నదాన్ని బట్టి ఒకే రచయిత సర్వనామం మారుతుందనడానికి ఇది సాక్ష్యం. రెండవది: మేసన్ 1775లో గ్రే లేఖలను ప్రచురించినప్పుడు కత్తిరించి, కలిపి, సవరించాడన్నది పరిశోధకులకు తెలిసినదే. కనుక ఒక్క పదంపై పూర్తి భారం మోపడం తగదు. అయినా తరువాత జరిగినది ఈ పఠనాన్ని బలపరుస్తోంది. 1741 ఆగస్టులో ఇంటికి తిరిగివస్తూ గ్రే ఒంటరిగా అదే మఠానికి మళ్లీ వెళ్లాడు. అక్కడి సందర్శకుల పుస్తకంలో లాటిన్‌లో ఒక పద్యఖండిక రాశాడు. ఆ స్థలంలో నెలకొన్న దివ్యశక్తిని సంబోధించి, యౌవనంలో కాకున్నా వార్ధక్యంలోనైనా తనకొక ప్రశాంతమైన మూల దొరకాలని కోరుకున్నాడు. మొదటిసారి మిత్రునితో ఎక్కిన కొండపై రెండవసారి రాసిన ఆ పద్యంలో కోరిక ఒక్కనిది. తగవు గురించి అందులో మాట లేదు. చెప్పవలసినదాన్ని ఏకవచనమే చెప్పింది.

వర్డ్స్‌వర్త్, జోన్స్: సమానుల నడక

అసమానత వల్లనే ‘మేము’ పగులుతుందా అన్న ప్రశ్నకు మరొక యాత్ర జవాబిస్తుంది. 1790 వేసవిలో విలియం వర్డ్స్‌వర్త్, రాబర్ట్ జోన్స్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు చివరి పరీక్షలకు ముందు వచ్చిన సెలవులలో ఫ్రాన్స్ మీదుగా ఆల్ప్స్‌కు నడిచారు. చదువు లాంఛనంగా ఇంకా ముగియలేదు కాని, చదువుతో తెగతెంపులు చేసుకొనే మనఃస్థితి అప్పటికే ఉంది. జులై 13న కలే రేవులో దిగారు. మరునాడు ఫ్రెంచి విప్లవ ప్రథమ వార్షికోత్సవం. ఇద్దరివీ పరిమితమైన డబ్బు, చిన్న మూట, ఒకే రకమైన బస. ఇక్కడ చెల్లించేవాడు, చెల్లింపు పొందేవాడు లేరు.

ఈ యాత్ర ‘ప్రెల్యూడ్’ కావ్యం ఆరవ భాగానికి వస్తువైంది. ఆ కావ్యం 1850లో, కవి మరణానంతరం వెలువడింది. సింప్లాన్ కనుమ దగ్గర మిత్రులిద్దరూ దారితప్పి, ఎదురైన గ్రామీణుని అడిగి, తాము ఆల్ప్స్‌ను అప్పటికే దాటేశామని తెలుసుకొనే ఘట్టం ప్రసిద్ధం. దాటడం వరకు కథనం బహువచనంలో సాగుతుంది. దాటామన్న ఎరుక కలిగిన వెంటనే, భావనాశక్తిని సంబోధించే ఘట్టం మొదలవుతుంది, కర్త ఏకవచనమవుతుంది. ఆ మలుపులో జోన్స్ కనబడడు. సమానుల మధ్య కూడా అనుభవపు శిఖరం ఏకవచనంలోనే ఉందంటే, పగులుకు కారణం డబ్బొక్కటే కాదని ఒప్పుకోవాలి. జ్ఞాపకం నుంచి రాయడమనే చర్యే తోడున్నవానిని వెనుకకు నెడుతుంది.

మరొక అంశం మరింత ముఖ్యం. ‘ప్రెల్యూడ్’ను కవి కోల్‌రిడ్జ్‌ను ఉద్దేశించి చెప్పాడు. కోల్‌రిడ్జ్ ఆ యాత్రలో లేడు. వెంట నడిచినవాడు జోన్స్, విన్నవాడు కోల్‌రిడ్జ్. గ్రే వెంట ఉన్నవాడు వాల్పోల్, చదివినవాడు వెస్ట్. మిత్రులతో చేసిన యాత్ర, ఆ యాత్రలో లేని మిత్రునికి చెప్పబడుతోంది. తోడున్నవానికి చెప్పనవసరం లేదన్నది ఒక కారణం. తోడున్నవాని ముందు చెప్పలేనివి ఉంటాయన్నది మరొక కారణం. మన యాత్రాసాహిత్యంలోనూ ఇందుకు దగ్గరి పోలిక ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన యాత్రావృత్తాంతాన్ని మదరాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపాడు. పిళ్లె దానిని 1838లో అచ్చువేయించాడు. అది చదువు ముగిసిన యువకుని యాత్ర కాదు, మిత్రబృందపు యాత్ర కాదు. అయినా ఇంట ఉన్న మిత్రుడే కథనానికి శ్రోత కావడంలో వీరాస్వామయ్య గ్రేకు, వర్డ్స్‌వర్త్‌కు పొరుగువాడే.

క్లాపిష్: బహుభాషల ఇల్లు

ఎరాస్మస్ తరం యాత్రకు కళారూపమిచ్చిన రచనలలో సెడ్రిక్ క్లాపిష్ చలనచిత్రం ‘లోబెర్జ్ ఎస్పాన్యోల్’ (2002) ప్రముఖమైనది. పారిస్‌లో అర్థశాస్త్రం చదివే గ్జావియే ఏడాది పాటు బార్సెలోనాలో ఉండి, పలుదేశాల విద్యార్థులతో ఒక ఇల్లు పంచుకుంటాడు. చదువు ముగిసి పారిస్ చేరాక, ప్రభుత్వోద్యోగంలో మొదటిరోజే పరుగెత్తి బయటపడి రచయిత కావాలనుకుంటాడు. ఆ ఇంటివారు చెదిరిపోయిన తరువాత వారిని మళ్లీ కలిపేది ‘రష్యన్ డాల్స్’ (2005)లో ఒక పెళ్లి. దానికోసం వారంతా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరతారు.

మన చర్చకు సంబంధించినది ఈ చిత్రాల కథనస్వరం. ఇల్లు అందరిది. కథ చెప్పే గొంతు మాత్రం గ్జావియే ఒక్కనిది. మిగిలిన ప్రతి ఒక్కరూ అతని కథలో పాత్రలయ్యారు. అందరూ ఒకరితో ఒకరు ‘మనం’ అనుకున్న కాలం, ఒకడు రాయడం మొదలుపెట్టగానే వారి గురించిన ‘నేను’ అయింది. గ్రే లేఖలలో సూక్ష్మంగా ఉన్నది ఇక్కడ నిర్మాణసూత్రంగా బయటికి వచ్చింది. మరొక సంగతి కూడా గమనార్హం. ఆ ఇంట్లో అద్దెకున్నవారంతా ఐరోపావారే. వారిలో ఎవరికీ విడిపోవడానికి పత్రాలు కారణం కాలేదు.

తెలుగు రచనకు ఈ పఠనం ఎందుకు

మన సాహిత్యంలో విదేశవిద్యకు ఆద్యచిత్రం మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’. 1924లో వెలువడిన మొదటి భాగమంతా ప్రయాణమే. అయితే అది చదువుకు ముందరి ప్రయాణం, ఒంటరి ప్రయాణం, ‘నేను’ కథనం. హాస్యమంతా ఆ ‘నేను’ అమాయకత్వం నుంచి పుడుతుంది. చదువు ముగిసిన తరువాత మిత్రులతో చేసే యాత్రకు తెలుగులో అంతటి ఆద్యగ్రంథం లేదు. జర్మనీ, ఫ్రాన్స్, ఐర్లండ్ వంటి దేశాలకు తెలుగు విద్యార్థులు వెళుతున్న ఈ కాలంలో ఆ రచనకు తగిన అనుభవం మాత్రం పోగవుతోంది. దానిని ఏ కొలమానంతో చదవాలో ముందుగా ఆలోచించడం విమర్శ బాధ్యత.

ఈ అనుభవంలోని అసమానత గ్రే కాలం నాటిది కాదు. షెంజెన్ దేశాలలో ఒకదాని నివాసపత్రం ఉన్న విద్యార్థి మిగిలిన షెంజెన్ దేశాలలో ఏ 180 రోజులలోనైనా 90 రోజులు తిరగవచ్చు. జర్మనీలో చదువు పూర్తిచేసినవారికి ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు నివాసానుమతి లభిస్తుంది. ఒకే తరగతిలో చదివిన నలుగురు ఒకే రైలెక్కినా, ఒకరి చేతిలో ఉద్యోగపత్రం ఉండవచ్చు, మరొకరికి గడువు ముగియవస్తుండవచ్చు, ఇంకొకరికి ఊళ్లో పొలం తాకట్టుపై తెచ్చిన అప్పు ఉండవచ్చు. తోటి ప్రయాణికుడు ఐరోపావాడైతే అతనికి ఈ లెక్కలేవీ ఉండవు. వీరందరినీ ఒక్క ‘మేము’లో కూర్చినప్పుడు ఆ పదం ఎంత మోస్తోంది, ఎంత దాస్తోంది అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. ఈ విధమైన రచనను ఎదుర్కొన్నప్పుడు మూడు విషయాలను పరిశీలించవచ్చు: ‘మేము’ ఏ ఘట్టంలో ‘నేను’గా మారింది, ఖర్చు, అప్పు, అనుమతి గడువు వంటివి ఎవరి విషయంలో చెప్పబడ్డాయి, ఎవరి విషయంలో చెప్పబడలేదు, రచన ఎవరితో మాట్లాడుతోంది, యాత్రలో ఉన్నవారితోనా, లేనివారితోనా.

ఈ పద్ధతికి ఒక ఆక్షేపణ రావచ్చు. వ్యాసరచనలో ‘మనం’ పాఠకుణ్ణి కలుపుకొనే మర్యాదమాటగా స్థిరపడిందని, కనుక దానికి అంత అర్థం కల్పించడం అతివ్యాఖ్య అని. ఆక్షేపణలో కొంత నిజముంది. “ఇక్కడి నుంచి మనం కోటను చూడవచ్చు” అన్న వాక్యంలోని ‘మనం’ మార్గదర్శకుని మాట, దానికి లోతు లేదు. కాని ఆ మాట వచ్చిన చోట రచయిత మిత్రులను వదలి పాఠకునితో జట్టుకట్టాడన్నది కూడా నిజమే. ఆ జట్టు మార్పు ఎప్పుడు, ఏ సంఘటన తరువాత జరిగిందో చూస్తే, అలవాటు మాటలో కూడా కథ కనిపించవచ్చు. కనిపించని చోట లేదని చెప్పడం విమర్శకుని విధి.

ముగింపు

గ్రే, వర్డ్స్‌వర్త్, క్లాపిష్ రచనల పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. చదువు ముగింపుకూ బాధ్యతల ఆరంభానికీ మధ్య జరిగే యాత్ర ప్రయోజనం ఆధారంగా వర్గీకరించడానికి లొంగదు. దానికి రూపమిచ్చేది కాలపు గడువు. ఆ గడువు కింద మిత్రబృందపు బహువచనం నిలవడం కష్టం. డబ్బు, జ్ఞాపకం, రాసే అధికారం మూడూ దానిని విడదీస్తాయి. రచన చాలాసార్లు యాత్రలో లేని మిత్రుని వైపు తిరుగుతుంది. తోడున్నవారి గురించిన నిజం అక్కడ దొరుకుతుంది.

పెళ్లిపందిట్లో స్నాతకుణ్ణి నాలుగడుగులకే ఆపినప్పుడు అతని వెంట స్నేహితులు ఎవరు నడవబోయారో తంతు చెప్పదు. ఆ యాత్రను నిజంగా చేసి వచ్చిన యువతీయువకులు ఇప్పుడు తెలుగులో రాస్తున్నారు. వారి వాక్యాలలో ప్రతి ‘మేము’ దగ్గరా ఒక క్షణం ఆగి, అందులో ఎవరున్నారో, ఎవరు బయట ఉన్నారో లెక్కపెట్టడానికి మన వ్యాకరణం ఇచ్చిన వీలును వినియోగించుకుంటే, తేలికగా తీసివేస్తున్న ఈ రచనలలో తేలికకాని జీవితం కనిపిస్తుంది.